పాత రూపు, క్రొత్త కెమేరా

చేతిలో ఫోను ఉన్న ప్రతి మనిషి దగ్గరను ఈనాడు ఒక కెమేరా ఉన్నట్లే లెక్క. అది జేబులో ఇముడుతుంది. మసక వెలుతురులోను ఫొటో తీస్తుంది. తీసిన మరుక్షణమే ఆ బొమ్మను అమెరికాలో ఉన్న అబ్బాయికి అందజేస్తుంది. ఇంత సదుపాయము చేతిలోనే ఉండగా, ఫొటోలు తీయుటకు మాత్రమే పనికివచ్చే మరియొక పెట్టెను, అందులోను దూరపు వస్తువును దగ్గరకు లాగలేని పెట్టెను, లక్ష రూపాయలు దాటిన వెలపెట్టి ఎవరైనా ఎందుకు కొనవలెను? అయినను కొంటున్నారు. కొనుటయే గాక, నెలల తరబడి వేచియుండి మరీ కొంటున్నారు. ఈ వింతకు కారణమేమో, అందులో మనబోటి గృహస్థులు గ్రహించదగినది ఏమైనా ఉన్నదో లేదో విచారించి చూతము.

మొదట రెండు అంకెలు చెప్పవలసి ఉన్నది. జపాను దేశపు కెమేరా తయారీదారుల సంఘము ఏటేటా ప్రకటించే లెక్కలను బట్టి, లెన్సు విడదీయుటకు వీలులేని డిజిటల్ కెమేరాలు 2010లో 10 కోట్లకు పైగా కర్మాగారముల నుండి వెలువడినవి. 2023 నాటికి ఆ సంఖ్య 20 లక్షల లోపునకు దిగిపోయినది. మధ్యలో జరిగినది మనకందరకు తెలిసినదే. 2007లో ఐఫోను వచ్చినది. దాని వెనుక తక్కిన ఫోనులు వచ్చినవి. చిన్న కెమేరా చేసే పనిని అవి తమలో కలుపుకొన్నవి. బీరువాలలోని డిజిటల్ కెమేరాలు ఛార్జింగు లేక అక్కడనే నిద్రపోయినవి. ఇంతటి వరదలోను కొట్టుకొనిపోక నిలిచిన చిన్న కెమేరాలు కొన్ని ఉన్నవి. వాటిలో ప్రసిద్ధమైన దానిని తీసికొని మాటలతోనే మీకు పరిచయము చేస్తాను.

దాని పేరు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ 100. 2010 సెప్టెంబరులో జర్మనీలోని కొలోన్ నగరమున జరిగిన ఫొటోకీనా ప్రదర్శనలో దీనిని మొదట ప్రకటించినారు. 2011 మార్చిలో ఇది అంగళ్ళకు వచ్చినది. బరువు అరకిలోకు లోపు. పైభాగము వెండి రంగు లోహము. నడుమ నల్లని తోలువంటి పట్టు. ముందు ఒకే లెన్సు, అది ఊడి రాదు, ముందుకు సాగదు. కుడివైపున పైన రెండు చక్రములు ఉన్నవి. ఒకటి షట్టరు వేగమునకు, రెండవది బొమ్మ వెలుగు తగ్గించి హెచ్చించుటకు. లెన్సు చుట్టును ఒక కట్టు ఉన్నది. దానిని త్రిప్పి లోపలి రంధ్రమును చిన్నది పెద్దది చేయవచ్చును. ఎడమ మూలన ఒక చిన్న కిటికీ. కన్ను దానికి ఆనించి చూడవలెను. దూరమునుండి చూచినవారికి ఇది 1960 ప్రాంతపు ఫిల్ము కెమేరా అనియే తోచును. లోపల ఉన్నది మాత్రము 1 కోటి 23 లక్షల చుక్కలతో బొమ్మను గ్రహించే నవీన యంత్రము. తరువాత 2013, 2014, 2017, 2020, 2024 సంవత్సరములలో దీనికి మెరుగుపరచిన రూపములు వచ్చినవి. చివరిదానిలో చుక్కల సంఖ్య 4 కోట్లు దాటినది. బయటి రూపు, లెన్సు చూపే మేర, మొదటిదానిలో ఎట్లున్నవో ఆరవదానిలోను ఇంచుమించు అట్లే ఉన్నవి. 2020లో వచ్చిన ఐదవ రూపమునకు రెండు మూడేండ్లలో ఎంత గిరాకీ పుట్టినదనగా, అంగడిలో సరకు దొరకక, వాడిన కెమేరాలే క్రొత్తవాటి వెలను మించి అమ్ముడుపోయినవి.

ఈ రూపము ఊరక పుట్టినది కాదు. దీనికి పూర్వులు ఉన్నారు. 1925లో జర్మనీలోని లైప్జిగ్ వసంతకాలపు సంతలో లైకా కెమేరాను లోకమునకు చూపినారు. ఆస్కార్ బార్నాక్ అను నిపుణుడు దానిని కల్పించినాడు. సినిమా ఫిల్మునే తీసికొని, సినిమా బొమ్మకు రెట్టింపు పరిమాణమున, అనగా 24 మిల్లీమీటర్లకు 36 మిల్లీమీటర్లుగా, బొమ్మను తీయుట దాని పద్ధతి. ఆ తొలి లైకాకును లెన్సు ఒక్కటే. మార్చుటకు వీలుండేది కాదు. మూడుకాళ్ళ బల్ల మీద బరువైన పెట్టె నిలిపి, నల్లగుడ్డ కప్పుకొని ఫొటో తీసే రోజులలో, కోటు జేబులో పట్టే యంత్రము వచ్చుట పెద్ద మార్పు. ఫొటోగ్రాఫరు వీధిలోనికి వచ్చినాడు. తరువాత జపాను వారు ఆ మార్గమునే చౌకగా ఇంటింటికి తెచ్చినారు. 1961లో కానొనెట్, 1966లో యాషికా ఎలెక్ట్రో 35, 1967లో ఒలింపస్ ట్రిప్ 35 వచ్చినవి. అన్నియు ఒకే లెన్సు గలవే. మన దేశమున మధ్యతరగతి ఇండ్లలో పలువురు ఎరిగిన ఆగ్ఫా క్లిక్ 3 ఇంకను నిరాడంబరమైనది. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు. ఒక ఫిల్ము చుట్టకు 12 చదరపు బొమ్మలు. అంతే దాని సంపద. ఆ పన్నెండింటిలోనే తిరుపతి యాత్ర, పిల్లవాని అక్షరాభ్యాసము, అక్కగారి పెండ్లిచూపులు ఇమిడిపోవలసి ఉండెడిది.

అయితే ఈ ఆకర్షణ అంతయు పాతకాలపు మోజేనా? కొంతవరకు అవునని ఒప్పుకొనవలెను. పాత వస్తువు రూపమున క్రొత్త వస్తువును చేసి అమ్ముట వర్తకులకు తెలిసిన విద్య. మెడలో వేసికొన్న కెమేరా నగవలె మెరయవలెనని కోరువారు లేకపోలేదు. 2025లో అదే కంపెనీవారు ఎక్స్ హాఫ్ అను మరియొక చిన్న కెమేరాను తెచ్చినారు. దానికి ఫిల్మును ముందుకు జరిపే మీటవంటి మీట ఒకటి ఉన్నది. లోపల ఫిల్ము లేదు. ఫిల్ము పద్ధతిని ఎంచుకొన్నచో, 36 గాని, 54 గాని, 72 గాని బొమ్మలు పూర్తి అగువరకు తీసినవానిని చూడనీయదు. ఒక్కొక్క బొమ్మకును ఆ మీట లాగవలెను. దీనిని వేషమనువారు వేషమందురు, వినోదమనువారు వినోదమందురు. గాని ఆ వేషములోను ఒక ఆలోచన దాగియున్నది. తీసిన బొమ్మను వెంటనే చూచుకొనుటకు తల వంచినవాడు, ఎదుట జరుగుతున్నదానిని ఆ క్షణమున చూడడు. చూడనీయకుండుటవలన ఆ కెమేరా అతని తలను పైకెత్తి ఉంచుతున్నది. రూపము పాతదైనంత మాత్రమున మెచ్చుకొనవలసినది లేదు. ఆ పాత రూపము ఏ పనికి తోడ్పడుతున్నదన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నను ముందుగా పైనున్న చక్రములను గురించి వేసికొందము. ఫొటోకు కావలసినది వెలుతురు. కుండ నింపుటకు కుళాయిని ఎంత త్రిప్పితిమి, ఎంతసేపు త్రిప్పి ఉంచితిమి అన్న రెండు లెక్కలు ఉన్నట్లే, ఇక్కడను రంధ్రము ఎంత తెరచితిమి, ఎంతసేపు తెరచితిమి అన్న రెండు లెక్కలు ఉన్నవి. మామూలు డిజిటల్ కెమేరాలో ఈ రెండును తెరమీది పట్టికలలో ఎక్కడనో ఉంటవి. మీటలు నొక్కి, పుట తరువాత పుట త్రిప్పి వాటిని పట్టుకొనవలెను. ఈ కెమేరాలో అవి లోహము మీద చెక్కిన అంకెలు. కెమేరాను మేల్కొల్పక పూర్వమే, చేతిలోనికి తీసికొని ఒక్కసారి పైనుండి చూచినచో, అది ఏ స్థితిలో ఉన్నదో తెలిసిపోవును. నీడలోనుండి ఎండలోనికి నడచుచునే వ్రేలితో కట్టును రెండు మెట్లు త్రిప్పవచ్చును.

చిరకాలముగా రేడియో ఇంట నున్న మీకు ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున దీపము వెలిగించకుండనే చేయి చాచి, స్టేషను మరను సరిగా ఎక్కడకు త్రిప్పవలెనో అక్కడకు త్రిప్పగల పెద్దలు ఎన్ని ఇండ్లలో లేరు! ఆ జ్ఞానము వ్రేళ్ళలో ఉన్నది. చేతికి తెలిసిన పనికి మనస్సు కావలి కాయనక్కరలేదు. అది మరియొకదానిని, అనగా పాటను, వార్తను ఆలకించుటకు విడుదల పొందుతుంది. కెమేరా మీది చక్రముల ప్రయోజనమును ఇంతే. యంత్రమును చూచుట తగ్గినకొలది ఎదుటి మనిషిని చూచుట హెచ్చుతుంది.

ఇక అసలు విషయము, మారని లెన్సు. దీనికి మొదట ఒక శాస్త్రకారణము ఉన్నది. దూరమును దగ్గర చేసే జూమ్ లెన్సులో ఎన్నో గాజుబిళ్ళలు ముందునకు వెనుకకు జరుగవలెను. అందువలన అది పొడవగును, బరువగును. లేదా లోనికి వచ్చే వెలుతురు తగ్గును. ఒకే చూపుమేరకు కట్టుబడిన లెన్సును చిన్నదిగాను, వెలుతురు ధారాళముగా వచ్చునట్లును చేయవచ్చును. అది ఎన్నటికిని ఊడిరాదు గనుక, దానిని బొమ్మ పడే ఫలకమునకు కడు చేరువగా, దానికే తగినట్లు అమర్చవచ్చును. ఎక్స్ 100లో షట్టరు కూడ పూరేకులవంటి పలుచని రేకులతో లెన్సులోపలనే ఉన్నది. దాని చప్పుడు మెల్లగా తాళము పడినంత మాత్రమే. నిద్రించే పసివానిని గాని, పూజలో కన్నులు మూసికొన్న నాయనమ్మను గాని అది కదిలించదు.

శాస్త్రకారణమును మించినది రెండవ కారణము. ఈ లెన్సు చూపే మేర, ఫిల్ము కెమేరాల భాషలో 35 మిల్లీమీటర్ల లెన్సు చూపే మేర. అనగా మనిషితోపాటు అతడు కూర్చున్న అరుగును, వెనుకనున్న ద్వారబంధమును, ప్రక్కనున్న బిందెను కూడ చూపును. ముఖము పెద్దదిగా కావలెనన్నచో మీట నొక్కి ప్రయోజనము లేదు. రెండడుగులు ముందునకు వేయవలెను. ముందునకు వేసినప్పుడు ఎదుటి మనిషి మిమ్ము చూచును. మీరు పలుకరింపవలసి వచ్చును. దూరమునుండి దొంగచాటుగా తీసిన ముఖమునకు, దగ్గరగా వచ్చి, "బాగున్నావా పెద్దమ్మా" అని పలుకరించి తీసిన ముఖమునకు ఉన్న భేదము ఫొటోలో దాగదు.

కొంతకాలము ఒకే లెన్సుతో పనిచేసినవారికి మరియొక లాభము కలుగుతుంది. కెమేరాను కంటికి ఎత్తక మునుపే, ఎక్కడ నిలబడినచో చట్రములోనికి ఏది వచ్చునో, ఏది రాదో వారికి తెలిసిపోవును. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆంరీ కార్తియే బ్రెసాఁ 1932లో లైకా కెమేరా సంపాదించుకొని, తన జీవితమున అధికభాగము ఒక్క 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే పనిచేసినాడు. 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీమహాత్ముని చివరి రోజులను, ఆయన అంతిమయాత్రను చిత్రించినవాడు ఆయనయే. ఆయన లెన్సు మార్చుకొనలేని కెమేరాకు కట్టుబడినవాడు కాడు. వేరు లెన్సులు అందుబాటులో ఉండియు, చాలవరకు ఒకదానినే ఎంచుకొన్నాడు. నియమము బయటినుండి విధించినదైనను, తానై పెట్టుకొన్నదైనను, ఫలము ఒక్కటే.

తెలుగువారికి ఇది క్రొత్త సంగతి కాదు. కందము వ్రాసినవాడే కవి అను నానుడి మనకు ఉన్నది. కందమున గణముల కట్టడి గట్టిది, ప్రాస తప్పరాదు, యతి తప్పరాదు, ఉన్న చోటు కొంచెము. ఆ ఇరుకులో మాటను వెదకవలసి వచ్చుటవలననే, మామూలుగా తోచని మాట కవికి తోచును. రేడియో ప్రసంగకర్తకును ఇట్టి కట్టడులే ఉన్నవి. ముఖము చూపలేడు, చేయి త్రిప్పలేడు, కేటాయించిన నిమిషములు దాటలేడు. ఆ లేములే అతనికి మాటను తూచి వాడుట నేర్పుతవి. ఒకే లెన్సు కెమేరాను ఇష్టపడువారు, తెలిసియో తెలియకయో, ఇట్టి ఛందస్సునే కోరుకొంటున్నారని నా అభిప్రాయము. అన్నియు చేయగల యంత్రము ప్రతి క్షణమున మనలను ఎన్నో ప్రశ్నలు అడుగును. కొన్నిటిని మాత్రమే చేయగల యంత్రము ఒకే ప్రశ్న అడుగును: ఎక్కడ నిలబడుదువు, ఎప్పుడు నొక్కుదువు?

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. కొల్లేటి మీద వాలిన కొంగను ఈ కెమేరాతో తీయబోయినచో, నీరును ఆకాశమును మిగులును, కొంగ చుక్కయి పోవును. వేదిక మీది నర్తకిని చివరి వరుసనుండి తీయలేరు. క్రికెట్టు ఆటకు ఇది పనికిరాదు. వెల సామాన్య కుటుంబమునకు అందుబాటులో లేదు. దాని సొగసు చూచి కొని, నాలుగు నెలలకే పెట్టెలో పెట్టినవారును ఉందురు. వీరికి ఆ చక్రములు ఏమియు నేర్పలేదు. వీణ కొన్నంత మాత్రమున రాగము రాదు గదా!

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ మరియొకటి ఉన్నది. మన ఫోనులోని ముఖ్యమైన లెన్సు కూడ కదలని లెన్సే. తెరమీద రెండు వ్రేళ్ళు చాచి బొమ్మను పెద్దది చేసినప్పుడు, చాలవరకు అది బొమ్మ అంచులను కత్తిరించి మిగిలినదానిని సాగదీయుటయే. లేదా ప్రక్కనున్న మరియొక లెన్సునకు మారుటయే. అనగా లక్ష రూపాయలు పెట్టి కొనే ఆ నియమము, ఉచితముగా మన జేబులోనే ఉన్నది. దానిని పాటించుట మాత్రము మన వంతు. ఈ మాట కెమేరాలు అమ్మువారికి నచ్చకపోవచ్చును. గాని ఈ పాతరూపు కెమేరాల ఆకర్షణనుండి, వాటిని కొనలేనివారును, కొననివారును తీసికొనదగిన సారము ఇదియేనని నాకు తోచుచున్నది.

ఎందుచేతననగా, ఇది కేవలము ఫొటోల ముచ్చట కాదు, ఇంటివారి జ్ఞాపకముల ముచ్చట. పన్నెండు బొమ్మల కాలపు ఆల్బములను తెరచి చూడుడు. బొమ్మలు తక్కువ, కొన్ని మసకబారినవి, కొన్నిటిలో తలలు తెగినవి. అయినను ప్రతిదాని వెనుకను ఒక కథ చెప్పగలవారు ఇంట ఉన్నారు. ఈనాడు ఒక్క పెండ్లికే వేలకొలది ఫొటోలు తీస్తున్నాము. వాటిలో పెండ్లికుమార్తె నగలు నలువది వైపులనుండి కనిపించును. తెల్లవారుజాముననే లేచి, వచ్చినవారికెల్ల కాఫీలు అందించి, అందరు తినినపిదప చివరి పంక్తిలో కూర్చున్న మేనత్త ఒక్కదానిలోనైన ఉన్నదేమో వెదకి చూడుడు. ఆమెను తీయుటకు ఖరీదైన లెన్సు అక్కరలేదు. వంటశాల గడపవరకు నడచిపోవలెను. అంతే.

పెద్దలు ఉన్న ఇండ్లవారికి ఈ పని వాయిదా వేయదగినది కాదు. తాతగారు వాలుకుర్చీలో పేపరు చదివే తీరు, అమ్మ ముగ్గుపిండిని వ్రేళ్ళనడుమ జార్చే తీరు, ఎప్పటికిని కంటి ఎదుట ఉండునని అనుకొని మనము వాటివైపు కెమేరా త్రిప్పము. పండుగకు అందరిని నిలబెట్టి తీసిన ఫొటోలో వారు నవ్వుచుందురు. వారి రోజువారీ జీవితము మాత్రము అందులో ఉండదు.

ఆసక్తి గల శ్రోతలకు ఒక చిన్న అభ్యాసము సూచిస్తాను. మీ దగ్గర ఏ కెమేరా ఉన్నను సరే, ఫోను అయినను సరే. ఒక్క నెలరోజులు బొమ్మను దగ్గరకు లాగే సాధనమును ముట్టకుడు. వారమునకు పన్నెండు ఫొటోలకు మించి తీయకుడు. తీసినదానిని సాయంత్రమువరకు తెరచి చూడకుడు. నెల చివర నలువది ఎనిమిది ఉండును. ఇంటివారందరు కూర్చుండి వాటిలో పన్నెండింటిని ఎంచి, కాగితము మీద అచ్చువేయించి, వెనుక తేదీ, ఊరు, మనుష్యుల పేర్లు వ్రాసి పెట్టుడు. ఏది ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో అన్న వాదములోనే ఇంటివారు ఒకరినొకరు ఎంతగా చూచుకొన్నదియు తెలియవచ్చును.

ఆ తరువాత, కావలెననిపించినచో, తాహతు ఉన్నచో, వెండిరంగు చక్రముల కెమేరాను కొనుక్కొనవచ్చును. అది అందమైన వస్తువే; చేతికి హాయి గొలుపునదే. అప్పటికి అది మీకు అలంకారముగా గాక పనిముట్టుగా చేతికి వచ్చును. కొనకపోయినను లోటులేదు. రెండడుగులు ముందునకు వేసి మనిషిని పలుకరించుట అలవాటైనవారికి, అసలు కావలసినది అప్పటికే దొరికియుండును.